భుజానికి పెద్ద దెబ్బ: చల్లబడిన చెయ్యి, చచ్చుబడిన చెయ్యి

(రోగుల బంధువుల కోసం ఆసుపత్రి చాపెల్ హాలులో ఎముకల విభాగం డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)

వార్డులో మీ మనిషిని పక్క మంచం వాళ్లకు చూడమని చెప్పి వచ్చి కూర్చున్నారు. అందుకని చుట్టు తిప్పకుండా విషయంలోకి వస్తాను.

ఈ రోజు మాట్లాడబోయేది భుజం దగ్గర తగిలే పెద్ద దెబ్బల గురించి. గూడ జారడం, ఎముక విరగడం మీరు ఊళ్లో చూసే ఉంటారు. నేను చెప్పేది అంతకన్నా పెద్ద గాయం. భుజంతో పాటు చేతికి వెళ్లే రక్తనాళం, నరాలు కూడా దెబ్బతినే గాయం. మోటారు సైకిలు మీద నుంచి పడిన కుర్రవాళ్లలో దీన్ని ఎక్కువగా చూస్తాం. లారీ రాసుకుంటూ పోయినప్పుడు, నూర్పిడి యంత్రంలోనో పిండిమర బెల్టులోనో చెయ్యి చిక్కి లాగేసినప్పుడు, తాడిచెట్టు మీద నుంచి జారుతూ ఒంటిచేత్తో మట్టను పట్టుకుని వేలాడినప్పుడు కూడా వస్తుంది.

ఇలాంటి గాయంతో వచ్చినవారి బంధువులు మమ్మల్ని రెండు ప్రశ్నలు అడుగుతారు. వచ్చిన రాత్రి అడిగేది, "చెయ్యి ఉంటుందా డాక్టరు గారూ?" అని. వారం పది రోజుల తర్వాత అడిగేది, "చెయ్యి ఎప్పుడు లేస్తుంది?" అని. ఇవి ఒకే ప్రశ్న అని చాలామంది అనుకుంటారు. కాదు. మొదటిది రక్తనాళం సంగతి, అది గంటల్లో తేలిపోతుంది. రెండోది నరాల సంగతి, దానికి నెలలు పడుతుంది. మొదటి ప్రశ్నకు మంచి జవాబు వచ్చిందన్న సంతోషంలో రెండోదాన్ని మరచిపోయి ఇంటికి వెళ్లి, ఏడాది తర్వాత తిరిగి వచ్చేవాళ్లను చూస్తే మాకు చాలా బాధగా ఉంటుంది. మీలో ఎవరికీ అలా జరగకూడదని ఈ నాలుగు మాటలు.

నరం అంటే ఏది?

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. మన భాషలో 'నరం' అనే మాటను ఎన్నిటికి వాడతామో ఎప్పుడైనా గమనించారా? సెలైను పెట్టబోతూ నర్సమ్మ "నరం దొరకడం లేదు" అంటుంది. అది రక్తనాళం. కొడవలి తెగి వేలు వంగకపోతే "నరం తెగింది" అంటాం. అది కండను ఎముకకు కలిపే తాడు. పొద్దున లేచేసరికి మెడ తిరగకపోతే "నరం పట్టేసింది" అంటాం. అక్కడ పట్టింది కండ. ఇక తిమ్మిర్లు వస్తే "నరాల బలహీనత" అంటాం. నాలుగింటికీ ఒకటే పేరు. అందువల్ల ఏమవుతుందంటే, "నరం కుట్టాం" అని ఎవరో చెబుతారు, అంతా అయిపోయిందని మీరు అనుకుంటారు. వాళ్లు కుట్టింది రక్తనాళాన్ని కావచ్చు.

కాబట్టి డాక్టరుగారిని తప్పకుండా అడగండి: "మీరు బాగు చేసింది రక్తం వెళ్లే గొట్టాన్నా, మెదడు నుంచి కబురు తెచ్చే తీగనా?" ఇలా అడగడంలో తప్పేమీ లేదు. ఈ ప్రసంగంలో నేను నరం అన్నప్పుడల్లా తీగ అనే అర్థం చేసుకోండి.

పొలంలో బోరు ఉన్నవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. నీళ్ల గొట్టం, కరెంటు తీగ పక్కపక్కనే వెళ్తాయి. మన చేతికి కూడా అంతే. మెడలో వెన్నుపాము నుంచి ఐదు నరాల వేళ్లు బయలుదేరి, కాలరు ఎముక కింద ఒకదానితో ఒకటి అల్లుకుని, చంకలోంచి చేతిలోకి దిగుతాయి. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం కూడా అదే దారిలో, ఆ అల్లికను ఆనుకుని వస్తుంది. బండి మీద నుంచి పడినప్పుడు తల ఒక పక్కకు, భుజం ఇంకో పక్కకు విసురుగా లాగబడితే రెండూ కలిసి దెబ్బతినవచ్చు. గొట్టం పగిలితే చెయ్యి చల్లబడుతుంది. తీగ తెగితే చెయ్యి చచ్చుబడుతుంది. రెండూ అయితే రెండూ.

మొదటి గంటలు

దెబ్బ తగిలిన చోట మీరుంటే ముందు చెయ్యి పట్టి లాగకండి. గూడ జారిందనుకుని అక్కడే సరిచేసే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, వాళ్లను దగ్గరకు రానివ్వకండి. అప్పటికే చిరుగు పడిన రక్తనాళం ఆ లాగుడుకు పూర్తిగా తెగిపోవచ్చు. చెయ్యిని ఛాతీకి ఆనించి, తువ్వాలుతో ఊతంగా కట్టండి. మెడను వంచవద్దు, తిప్పవద్దు. భుజాన్ని ఊడబెరికేంత దెబ్బ మెడ ఎముకను విడిచిపెట్టిందని అనుకోకూడదు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడవద్దు. చేతికి తాడు బిగించి కట్టే అలవాటు మనవాళ్లకు ఉంది. భుజం దగ్గరో చంకలోనో రక్తనాళం తెగినప్పుడు ఆ కట్టు పనికిరాదు, ఎందుకంటే దానికి పైన కట్టడానికి చోటే లేదు. నొక్కడం ఒక్కటే మార్గం. ఆపరేషను అవసరం పడవచ్చు గనుక కాఫీ, టిఫిను, మంచినీళ్లు ఏవీ ఇవ్వకండి.

108 కి ఫోను చెయ్యండి. ఆ అంబులెన్సులు మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి, ఇప్పుడు నంబరు తెలియనివాళ్లు లేరు. అయినా దారిన పోయేవాళ్లు ఇప్పటికీ పోలీసు కేసు చుట్టుకుంటుందని వెనకాడుతుంటారు. ఆ భయం అక్కర్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని అందులో రాశారు. ఆ చట్టంలో అలాంటివారిని పిలిచే పేరు కూడా బైబిలు చదివేవాళ్లందరికీ తెలిసిన మంచి సమరయుని పేరే.

ఇంకొక పని ఉంది, చిన్నదే. దెబ్బ తగిలిన టైము ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఆ రాత్రి మిమ్మల్ని నలుగురు డాక్టర్లు ఆ టైము అడుగుతారు. గాబరాలో ఒక్కొక్కరికి ఒక్కో టైము చెబుతారు. రక్తం అందని కండ సుమారు ఆరు గంటలు దాటితే చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ లెక్కకు అవసరమైన మొదటి అంకె మీ దగ్గరే ఉంటుంది, మాకు యంత్రాల్లో కనిపించదు.

రక్తనాళం దెబ్బతిన్నదని ఎలా తెలుస్తుంది? రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. దెబ్బ తగిలిన చెయ్యి చల్లగా, పాలిపోయి ఉండటం, మణికట్టు దగ్గర నాడి అందకపోవడం, గోరు నొక్కి వదిలితే ఎరుపు తిరిగి రాకపోవడం, చంకలోనో కాలరు ఎముక కిందనో వాపు మీరు చూస్తుండగానే పెరిగిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నర్సును పిలవండి, ఎవరో వచ్చి చూస్తారులే అని ఆగకండి.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటి ఉంది. భుజం చుట్టూ చిన్న చిన్న రక్తనాళాలు చాలా ఉన్నాయి. పెద్ద కాలువ తెగినా పిల్ల కాలువల్లో కొంచెం నీరు పారినట్టు, పెద్ద నాళం తెగినా వీటి ద్వారా చేతికి కొంత రక్తం చేరుతుంది. అందుకని చెయ్యి వెచ్చగా ఉండవచ్చు, నాడి కూడా సన్నగా అందవచ్చు. "చెయ్యి వెచ్చగానే ఉంది కదా, మళ్లీ స్కానింగు ఎందుకు, డబ్బుల కోసం కాకపోతే" అని విసుక్కునేవాళ్లకు ఇదే నా జవాబు. రంగుమందు ఎక్కించి తీసే సిటి యాంజియో పరీక్షలో నాళం ఎక్కడ ఆగిపోయిందో కనిపిస్తుంది. మనిషి మరీ నీరసించిపోతే పరీక్షకు కూడా ఆగకుండా నేరుగా థియేటరుకు తీసుకెళ్తారు.

మరొక రకం గాయం గురించి కూడా చెప్పాలి. దానిలో పైకి చర్మం చిట్లదు, గీత కూడా పడకపోవచ్చు. లోపల మాత్రం వీపు మీది రెక్క ఎముక, దానితో పాటు మొత్తం భుజం, ఛాతీ గోడ నుంచి ఊడి పక్కకు జరిగిపోతుంది. చర్మం ఒక్కటే చేతిని ఒంటికి పట్టి ఉంచుతుంది. భుజం కుండలా వాచిపోతుంది, రక్తమంతా లోపలే పోతుంది. "రక్తం చుక్క కారలేదు, చిన్న దెబ్బే" అని వెనక వరుసలో కూర్చోబెట్టిన పేషెంటుకు ఇది ఉండవచ్చు. ఛాతీ ఎక్స్-రేలో రెండు రెక్క ఎముకలూ వెన్నెముకకు ఎంతెంత దూరంలో ఉన్నాయో పోల్చి చూస్తే అనుమానం వస్తుంది.

మీరు చేరిన చోట రక్తనాళాలు కుట్టే సర్జను లేకపోతే, ఆ మాట వెంటనే చెప్పమని అడగండి. ఉన్నచోటికి ముందుగా ఫోను చేయించి, ఆ రాత్రికి ఆ రాత్రే బయలుదేరండి. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఆ చెయ్యి తెల్లారేదాకా ఆగదు.

ఆసుపత్రిలో పని ఒక వరుసలో జరుగుతుంది. ముందు ప్రాణం: ఊపిరి, తల, ఛాతీ, కడుపు. తర్వాత చేతికి రక్తం. ఎముకను అవసరాన్నిబట్టి రాడ్డుతోనో ప్లేటుతోనో నిలబెడతారు. రక్తనాళం చిరిగిన మేరకు తీసేసి, కాలులోంచి ఒక సిర ముక్క తెచ్చి అతుకుతారు. కొన్నిసార్లు కోయకుండా, నాళం లోపలినుంచే తీగ మీద గొట్టం పంపి చిరుగును మూస్తారు. "దెబ్బ చేతికైతే కాలు ఎందుకు కోశారు?" అని గొడవపడిన కుటుంబాలు ఉన్నాయి. ఇందుకే కోస్తారు. కాలులో ఆ సిర లేకపోయినా మిగతావి ఆ పని చూసుకుంటాయి.

ఎండిన చేతికి రక్తం తిరిగి పారగానే కండలు ఉబ్బుతాయి. ఉబ్బిన కండ లోపలి పొరలో బిగుసుకుపోయి, వచ్చిన రక్తాన్ని మళ్లీ ఆపేస్తుంది. దాన్ని తప్పించడానికి ముంజేతి మీద పొడుగ్గా రెండు గాట్లు పెట్టి, కుట్టకుండా తెరిచి ఉంచుతారు. కట్టు విప్పినప్పుడు చూసి కళ్లు తిరిగి పడినవాళ్లున్నారు. భయపడకండి, కొన్ని రోజుల్లో మూస్తారు, లేదా తొడ చర్మం తెచ్చి కప్పుతారు. గాట్లు పెట్టని చేతినైతే మీరూ కనిపెట్టి ఉండాలి. మామూలుగా ఈ బిగుతు భరించలేని నొప్పి పుట్టిస్తుంది. నరాలు కూడా తెగిన చేతిలో ఆ నొప్పే తెలియదు. కాబట్టి "నొప్పి లేదంటున్నాడు" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ముంజెయ్యి చెక్కలా గట్టిగా తగిలితే పిలవండి.

కొందరికి మేము చెయ్యి తీసేయాల్సి వస్తుందని చెప్పవలసి ఉంటుంది. కండ చచ్చిపోయి విషం ఒంటికి ఎక్కుతున్నప్పుడు, లేదా భుజం మొత్తం నలిగి నరాల వేళ్లన్నీ ఊడిపోయినప్పుడు, చేతిని పట్టుకుని కూర్చుంటే మనిషి దక్కడు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది ఎవరో ఒక్కరు, భార్యో అన్నో తండ్రో. తర్వాత ఇంట్లో ఎవరూ "నువ్వు ఒప్పుకోబట్టే" అని వాళ్లను అనవద్దు. సంతకానికి ముందే పెద్దలంతా కలిసి డాక్టరు దగ్గర కూర్చుని వినండి. అప్పుడు ఆ బరువు ఒక్కరి మీదే పడదు.

తర్వాతి నెలలు

రక్తనాళం అతికింది. చెయ్యి వెచ్చబడింది, గోళ్లు ఎర్రబడ్డాయి. కానీ వేలు కదలదు, గిల్లితే తెలియదు. ఇప్పుడు రెండో లెక్క మొదలవుతుంది. ఇందాకటి సమరయుడు గాయాలు కట్టి ఊరుకోలేదు. సత్రం దాకా మోసుకెళ్లి, డబ్బిచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మిగతాది చూసుకుంటానన్నాడు. ఇక్కడ మిగతాది చాలా ఉంది.

నరాలు మూడు రకాలుగా దెబ్బతింటాయి. సాగిపోయి మొద్దుబారినవి కొన్ని వారాల్లోనో నెలల్లోనో వాటంతట అవే తేరుకోవచ్చు. మధ్యలో తెగినవి ఆపరేషను లేకుండా అతకవు. మూడోది అన్నిటికన్నా కష్టమైనది: మొక్కను వేళ్లతో పీకినట్టు, నరం వెన్నుపాము దగ్గరే ఊడి రావడం. అలా ఊడినదాన్ని తిరిగి అదే చోట నాటి మామూలుగా పనిచేయించే వైద్యం లేదు. వేరే దారి వెతకాలి. ఒకే మనిషిలో పై నరం సాగి, కింది నరం ఊడి ఉండవచ్చు. అందుకే "పక్కింటాయనకు మూడు నెలల్లో వచ్చింది, మావాడికి ఎందుకు రాలేదు" అనే పోలిక కుదరదు. ఒక గుర్తు మాత్రం మీరే చూడగలరు. దెబ్బ తగిలిన వైపు కనురెప్ప కొంచెం వాలి, కంటిపాప రెండోదానికన్నా చిన్నదిగా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి. కింది నరాలు మూలంలోనే ఊడాయనడానికి అది ఒక సూచన.

కత్తితోనో అద్దంతోనో తెగిన నరాన్ని ఆలస్యం చేయకుండా రోజుల్లోనే కుట్టడం మంచిది. బండి ప్రమాదంలో సాగి నలిగిన నరాల విషయంలో, ఏది తేరుకుంటుందో తెలియడానికి కొంతకాలం ఆగి చూస్తారు. మూడు నాలుగు వారాలకు నరాల కరెంటు పరీక్ష, ఎమ్మారై చేయిస్తారు. ప్రతి నెలా ఏ కండ కదిలిందో రాసుకుంటారు. ఊడిపోయాయని తేలితే తొందరగానే, లేకపోతే మూడు నెలలకు కూడా కదలిక రాకపోతే ఆపరేషను మాట ఎత్తుతారు. ఆరు నెలల లోపల అయితే మంచి ఫలితానికి అవకాశం ఎక్కువ. ఏడాది దాటాక నరాన్ని అతికినా చాలావరకు లాభం ఉండదు.

ఎందుకు ఉండదు? బోరు దగ్గరకే వెళ్దాం. కరెంటు లేని మోటారు ఏళ్ల తరబడి మూలన పడితే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. తర్వాత తీగ లాగినా తిరగదు. కబురు అందని కండ కూడా అలాగే ఎండి, తీసుకునే గుణం పోగొట్టుకుంటుంది. నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు అంగుళం. మెడ నుంచి మోచేతి దాకా ఎన్ని అంగుళాలో టేపు పెట్టి కొలవండి, ఎన్ని నెలల ప్రయాణమో తెలుస్తుంది. ఆలస్యంగా బయలుదేరితే నరం చేరేసరికి కండ మిగలదు.

కాబట్టి డాక్టరు "మూడు నెలలు చూద్దాం" అంటే దాని అర్థం ప్రతి నెలా వచ్చి చూపించుకోమని. ఇంటి దగ్గర కూర్చోమని కాదు. ఈ మధ్యకాలంలోనే చాలామంది జారిపోతారు. కొందరు కట్టు వైద్యానికి వెళ్తారు. పుత్తూరు కట్టు పేరు తెలియని ఊరు మనవైపు లేదు. ఆ కట్టు ఎముక కోసం వేసేది. ఇక్కడ లోపం ఎముకలో లేదు, కట్టు వేస్తే నరం అతకదు. పైగా స్పర్శ లేని చేతికి, అదీ కొత్తగా రక్తనాళం అతికిన చేతికి, బిగుతు కట్టు వేస్తే బిగిసిందని చెప్పే నొప్పి ఉండదు. మరికొందరు 'నరాల బలానికి' అని నెలల తరబడి బి12 ఇంజక్షన్లు పొడిపించుకుంటారు. విటమిను లోపం ఉన్నవారికి అవి మంచివే. తెగిన తీగను అవి ముడివేయవు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, ఆ నెలలు తిరిగి రావు.

ఆపరేషన్లు ఎలా ఉంటాయో కొంచెం చెబుతాను. తెగిన నరాల మధ్య ఖాళీని పిక్క వెనుక నుంచి తెచ్చిన సన్నని నరంతో పూడుస్తారు. దానివల్ల పాదం పక్కన కొంత మేర మొద్దుబారుతుంది, నడకకు ఇబ్బంది ఉండదు. మూలమే ఊడిపోతే పనిచేస్తున్న మరొక నరాన్ని తెచ్చి కలుపుతారు. పక్కింటి మీటరు నుంచి కరెంటు తెచ్చుకున్నట్టు. చిటికెన వేలి వైపు నరం బాగుంటే అందులోంచి ఒక పోగును తీసి మోచెయ్యి వంచే కండకు ఇవ్వవచ్చు. ఈ పద్ధతిని 1994లో ఫ్రాన్సు సర్జను ఓబర్లిన్ ప్రకటించారు, ఇప్పుడు మన దేశంలోనూ చేస్తున్నారు. అది కూడా లేకపోతే పక్కటెముకల మధ్య నరాలు తెస్తారు. అవి అంతకుముందు ఊపిరికి పనిచేసినవి. అందుకని మొదట్లో ఫిజియోథెరపీ వాళ్లు "గట్టిగా ఊపిరి పీల్చు, మోచెయ్యి వంచు" అంటారు. పేషెంటు నవ్వుతాడు, మీరూ నవ్వుతారు. నిజంగానే ఊపిరి పీల్చినప్పుడే కండ కదలడం మొదలవుతుంది. కొన్నాళ్లకు మెదడు ఆ కొత్త దారి నేర్చుకుంటుంది.

అన్నిటికన్నా ముందు మోచెయ్యి వంగడం కోసం ప్రయత్నిస్తారు, చెయ్యి నోటిదాకా రావాలి గనుక. తర్వాత భుజం నిలబడటం. వేళ్ల పని తిరిగి రావడం వీటన్నిటిలోకీ కష్టం. ఐదు వేళ్లూ ఊడిపోయినవారికి అరచెయ్యి మునుపటిలా పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను, ఎవరైనా ఇస్తే నమ్మకండి. సంచి ఆనించుకోవడానికి, కాగితం నొక్కి పట్టడానికి సాయపడే చెయ్యి వచ్చినా అది చిన్న విషయం కాదు. ఆలస్యంగా వచ్చినవారికి కూడా అన్ని తలుపులూ మూసుకోవు. తొడ కండను రక్తనాళంతో, నరంతో సహా తెచ్చి చేతిలో అమర్చడం, పనిచేసే కండ తాడును మళ్లించడం, భుజం కీలును ఒక చోట స్థిరంగా అతకడం వంటివి ఉన్నాయి. కానీ అవి రెండో వరుస మార్గాలు.

నొప్పి ఉన్నా, లేకపోయినా

"చెయ్యే చచ్చుబడితే నొప్పి ఎలా వస్తుంది? పనికి పోవడం ఇష్టం లేక నటిస్తున్నాడు." ఈ మాట నేను తల్లుల నోట కూడా విన్నాను. నరం వెన్నుపాము నుంచి ఊడినప్పుడు, అక్కడ మిగిలిన కణాలు వాటంతట అవే కబుర్లు పంపుతూ ఉంటాయి. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు ఉంటుంది. రాత్రిళ్లు మరీ ఎక్కువ. అది నటన కాదు. మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి రాస్తాం. మందుల షాపులో ఎవరో "ఇది మనసు బాగాలేనివాళ్లకు ఇచ్చేది" అనగానే ఇంట్లోవాళ్లు ఆపేస్తుంటారు. అవి నరాల నొప్పికి కూడా మందులే. ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. సంపాదించే వయసులో చెయ్యి పోగొట్టుకున్న కుర్రవాడు నిద్రలేక, నొప్పితో, మూలన కూర్చుని ఎవరితోనూ మాట్లాడకపోతే, తాగుడు మొదలుపెడితే, ఇక బ్రతికి లాభం లేదంటే, దాన్ని మాటవరసకు అన్నాడనుకోకండి. ఒంటరిగా వదలకండి. ఆ రోజే మాకు చెప్పండి.

నొప్పి తెలియకపోవడం ఇంకో ప్రమాదం. ఈ సంగతి ప్రపంచానికి బాగా తెలిసింది మన పక్కనున్న వెల్లూరు మిషన్ ఆసుపత్రి నుంచే. డాక్టర్ పాల్ బ్రాండ్ గారు 1946లో అక్కడికి వచ్చి కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. వ్రేళ్లు అరిగిపోవడానికి ముఖ్యకారణం మాంసం తానంతట తానే కుళ్లిపోవడం కాదని, నొప్పి తెలియక కాలినా తెగినా చూసుకోకపోవడమని ఆయన చూపించారు. మీ మనిషికి ఉన్నది కుష్ఠు కాదు, కానీ స్పర్శ లేని చెయ్యి ఎవరిదైనా ఒకటే. పొయ్యి, ఇస్త్రీపెట్టె, బండి సైలెన్సరు, వేళ్ల మధ్య మరచిపోయిన బీడీ. వేడి నీళ్లను ముందు రెండో చేత్తో చూడాలి. అమ్మమ్మలు ప్రేమతో పెట్టే ఉప్పు కాపడం ఈ చేతికి వద్దు. రోజూ రాత్రి పడుకునే ముందు వెలుతురులో చెయ్యిని ముందూ వెనకా తిప్పి చూడండి. పొక్కు, ఎరుపు, గీత ఏది కనిపించినా మానేదాకా ఆ చోటికి రాపిడి తగలనివ్వకండి.

కూర్చున్నా నిలబడ్డా చేతికి జోలె కట్టండి, లేకపోతే చేతి బరువుకు గూడ కిందికి దిగుతుంది. కానీ జోలెలోనే వదిలేస్తే కీళ్లు బిగుసుకుపోతాయి. ఫిజియోథెరపీ వాళ్లు ఎంతవరకు అన్నారో అంతవరకు భుజం, మోచెయ్యి, మణికట్టు, ప్రతి వేలు రోజుకు మూడు పూటలా మీరే మెల్లగా వంచి చాపాలి. నరం వచ్చేనాటికి కీలు కదిలేలా ఉంచడం ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న పని. రక్తనాళం అతికిన చేతికి తాయెత్తు దారం, బిగుతు కడియం, వాచీ వద్దు. ఆ చేతికి బీపీ పట్టీ, సూది వేయబోతే ముందు ఆపరేషను సంగతి చెప్పండి. బీడీ, సిగరెట్టు పూర్తిగా మానాలి, పొగ రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. డిశ్చార్జి కాగితంతో పాటు ఆపరేషను నోటు కూడా అడిగి తీసుకోండి. ఏ నరం ఎలా ఉందో అందులో రాస్తారు, రేపు నరాల సర్జను మొదట అడిగేది అదే. మెడికో లీగల్ కేసు నంబరు, ఎఫ్.ఐ.ఆర్. నకలు దాచండి, నష్టపరిహారం కేసుకు కావాలి. 2025లో కేంద్ర ప్రభుత్వం రోడ్డు ప్రమాద బాధితులకు, గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజుల వైద్యానికి లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చేసే పథకం తెచ్చింది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, తర్వాత ఆంధ్రలో దాని పేరు మారింది. ఏ ఆపరేషను ఏ ఆసుపత్రిలో వస్తుందో కౌంటరులో ముందే కనుక్కోండి. నరాల ఆపరేషను రెండో విడతలో వస్తుంది గనుక దాని కోసం మళ్లీ విడిగా అడగాలి. లోపం శాశ్వతమని తేలినవారికి సదరం సర్టిఫికెట్టు ఉంది. నలభై శాతం, అంతకుమించి ఉంటే చట్టం ఇచ్చే సౌకర్యాలు వర్తిస్తాయి.

ఇప్పుడు వార్డుకు వెళ్లగానే మీ మనిషి చెయ్యి ముట్టుకుని చూడండి, రెండో చేతితో పోల్చండి. తర్వాత కేసు షీటు చూసే సిస్టరును, "మొదటి నరాల పరీక్ష ఏ తారీఖున?" అని అడిగి, ఆ తారీఖును ఇంట్లో క్యాలెండరు మీద కూడా రాసుకోండి. విడిగా మాట్లాడాలనుకునేవారు ఫిజియోథెరపీ గది దగ్గర ఉండండి, రౌండ్సు అయ్యాక నేను అక్కడికి వస్తాను.